రిపోర్టులో క్లోరైడ్ పక్కన గుర్తు పడితే

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ గురించి, షుగర్ గురించి ప్రతి నెలా ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి మాత్రం వరసగా క్లోరైడ్ గురించి అడిగారు. నాకు సంతోషమేసింది, ఎందుకంటే ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో కరిగి ఉండే లవణాలు) రిపోర్టు చేతికి రాగానే సోడియం, పొటాషియం చూసేసి మూడో లైను చూడకుండా మడిచేసే అలవాటు పేషంట్లకే కాదు, మా డాక్టర్లకీ ఉంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో చాలా కేస్ షీట్లలో ఆ గడి ఖాళీగానే ఉండేది. అలా వదిలేయాల్సిన అంకె కాదది. అలాగని ఆ ఒక్క అంకెనే పట్టుకుని వంటింట్లో ఉప్పు డబ్బా మార్చేయడం కూడా తప్పే, ఈ నెల ఉత్తరాలు రాసిన వాళ్ళలో ఇద్దరు చేసిన పని అదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 68 ఏళ్ళు. రెండేళ్ళ కింద హార్ట్ ఎటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు, గుండె పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. కాళ్ళ వాపులకి, ఆయాసానికి టార్సెమైడ్ వాడుతున్నాం, పోయిన నెల డోసు పెంచారు. మొన్న రక్తపరీక్షలో సోడియం 131, పొటాషియం 3.3, క్లోరైడ్ 89, బైకార్బనేట్ 33 వచ్చాయి. క్లోరైడ్ ఉప్పులో ఉండేదే కదా, తగ్గింది కాబట్టి ఉప్పు పెంచాలేమో అనుకుని నాలుగు రోజులుగా మజ్జిగలో ఉప్పు వేసి రోజుకి మూడు గ్లాసులు ఇస్తున్నాను. నీరసం తగ్గలేదు, నిన్నటి నుంచి పాదాలు మళ్ళీ ఉబ్బాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఇంకా పది రోజులుంది. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్లో చెప్పాను, ఆ ఉప్పు మజ్జిగ ఆపేయండి, పది రోజులు ఆగకుండా నాన్నగారిని రేపే చూపించండి అని. మీలాంటి ఇళ్ళు చాలా ఉంటాయి కాబట్టి ఎందుకలా చెప్పానో ఇక్కడ రాస్తున్నాను.

మీరు ఆలోచించిన తీరులో సగం నిజం ఉంది. ఉప్పంటే సోడియం క్లోరైడ్, దాని బరువులో దాదాపు 60 శాతం క్లోరైడే. రక్తంలో లీటరుకి 96 నుంచి 106 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉండాలి, ల్యాబుని బట్టి ఒకటి రెండు అటూఇటూ. మీ నాన్నగారికి 89 ఉంది, అంటే బాగానే తగ్గింది. కానీ తగ్గడానికి కారణం ఆయన ఉప్పు తక్కువ తినడం కాదు, టార్సెమైడ్. ఒంట్లో నీటిని మూత్రంలోకి తీసే ఆ మందు, దాని అన్నలాంటి ఫ్యూరోసెమైడ్ (మన జనం లాసిక్స్ అంటారు) కిడ్నీలో ఒక పంపుని ఆపేస్తాయి. ఆ పంపు మామూలుగా ఒక సోడియం, ఒక పొటాషియంతో పాటు రెండు క్లోరైడ్లని మూత్రం నుంచి తిరిగి ఒంట్లోకి లాక్కుంటుంది. దాన్ని మూసేస్తే నీళ్ళతో పాటు ఇవన్నీ బయటికి పోతాయి, అందులో క్లోరైడ్ వాటా ఎక్కువ. అది పోయిన చోట రక్తంలో బైకార్బనేట్ (ఆమ్లాన్ని విరిచే పదార్థం) పెరుగుతుంది, అందుకే మీ రిపోర్టులో అది 33 ఉంది, మామూలుగా 22 నుంచి 28 ఉండాలి. పొటాషియం కూడా 3.5 కంటే కిందికి జారింది. ఈ మూడూ కలిపి చూస్తే మందు వల్ల పోయిన క్లోరైడ్ అని దాదాపు తెలిసిపోతుంది.

గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో క్లోరైడ్ తగ్గడానికి ఇంకో దారి కూడా ఉంది. ఒంట్లో నీరు ఎక్కువ చేరి రక్తం పలచబడటం. పులుసులో నీళ్ళు ఎక్కువైతే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది కదా, ఉప్పు అంతే ఉన్నా సరే. అప్పుడు సోడియం, క్లోరైడ్ రెండూ జతగా దిగుతాయి కానీ బైకార్బనేట్ పెరగదు. ఈ రెండింటికీ వైద్యం వేరు, రక్తం పలచబడితే నీళ్ళు తగ్గించాలి, మందు వల్ల పోతే మందుల డోసులు సరిచేయాలి. మీ నాన్నగారికి సోడియం కూడా 131 ఉంది కాబట్టి రెండూ కొంచెం కొంచెం కలిసి ఉండొచ్చు. ఆ లెక్క ఇంట్లో తేలదు, కాళ్ళు నొక్కి చూసి, మెడ నరం చూసి, ఊపిరితిత్తులు విని చెప్పాల్సిన విషయం.

ఇక ఉప్పు ఎందుకు వద్దన్నానంటే, సెలైన్ సీసా గుర్తు తెచ్చుకోండి, లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లోనూ దాదాపు అదే లెక్క, అదనంగా తిన్న ఒక్కో గ్రాము ఉప్పు వంద మిల్లీలీటర్లకి పైగా నీళ్ళని పట్టి ఉంచుతుంది. 30 శాతం పంపింగ్ ఉన్న గుండెకి ఆ నీరు మోయడం కష్టం. మీరు ప్రేమతో ఇచ్చిన మజ్జిగే పాదాల్లో వాపై కూర్చుంది.

ఈ క్లోరైడ్‌ని గుండె డాక్టర్లు ఈ మధ్య ఎందుకు పట్టించుకుంటున్నారో కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో ఓవర్‌హెడ్ ట్యాంకుకి సెన్సార్ పెడతాం చూడండి, నీళ్ళు తగ్గితే మోటారు దానంతటదే ఆన్ అయ్యేది. కిడ్నీలో ఒక్కో సన్నని గొట్టానికీ అలాంటి సెన్సార్ ఒకటి ఉంది, దాన్ని మాక్యులా డెన్సా అంటారు. అది కొలిచేది ప్రధానంగా ఆ గొట్టంలో పారే క్లోరైడ్‌నే. క్లోరైడ్ తగ్గితే ఒంట్లో నీళ్ళు అయిపోయాయని అనుకుని రెనిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది. దాంతో ఒళ్ళు ఉప్పునీ నీళ్ళనీ మళ్ళీ పట్టుకోవడం మొదలుపెడుతుంది. అంటే ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆన్ అయినట్టు. నీరు తీసే మందు ఒక వైపు లాగుతుంటే ఒళ్ళు ఇంకో వైపు లాగుతుంది, డోసు పెంచినా మూత్రం రాదు, వాపు దిగదు. 'మందు పనిచేయడం మానేసింది డాక్టర్' అని వచ్చే పేషంట్ల రిపోర్టు తీసి చూస్తే చాలాసార్లు క్లోరైడ్ కిందికి దిగి ఉంటుంది.

2015లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన గుండె పేషంట్ల రికార్డులు చూసి, క్లోరైడ్ తక్కువ ఉన్నవాళ్ళలో మరణాలు ఎక్కువని, సోడియం ప్రభావం తీసేసి చూసినా ఆ తేడా నిలిచిందని చెప్పారు. అంతకు ముందు 2013లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో దాదాపు 13 వేల మంది బీపీ పేషంట్ల మీద చేసిన అధ్యయనంలోనూ క్లోరైడ్ 100 కంటే తక్కువ ఉన్నవాళ్ళ పరిస్థితి కొంచెం అధ్వాన్నంగానే కనిపించింది. ఇవి చదివి భయపడొద్దు. జబ్బు ముదిరిన వాళ్ళకే మందుల డోసులు ఎక్కువ పడతాయి, వాళ్ళకే క్లోరైడ్ ఎక్కువ పడిపోతుంది, కాబట్టి ఆ అంకె ప్రమాదం తెచ్చిందా, ప్రమాదం ఉందని చూపిస్తోందా అన్నది వేరే విషయం. ఆ అంకెని ఉప్పుతో పైకి లాగితే ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

మీ నాన్నగారి డాక్టర్ ఏం చేయొచ్చంటే, టార్సెమైడ్ డోసు సరిచేయొచ్చు, పొటాషియం పోకుండా నీరు తీసే స్పైరనోలాక్టోన్ లాంటిది చేర్చొచ్చు, పొటాషియం క్లోరైడ్ సిరప్ రాయొచ్చు (దాంతో పొటాషియం, క్లోరైడ్ రెండూ అందుతాయి, కానీ మెడికల్ షాపులో అడిగి మీరే కొనుక్కుని తాగించే మందు కాదది, పొటాషియం ఎక్కువైతే గుండె కొట్టుకోవడమే దెబ్బతింటుంది), బైకార్బనేట్ బాగా ఎక్కువుంటే అసిటజోలమైడ్ ఇవ్వొచ్చు. మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి పెరిగితే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. మగతగా ఉన్నా, మాట తడబడినా, గుండె దడగా కొట్టుకున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మకి 61, పదిహేనేళ్ళుగా షుగర్. క్రియాటినిన్ 2.4 ఉంది. ఈసారి క్లోరైడ్ 111, బైకార్బనేట్ 17, సోడియం 139 వచ్చాయి. క్లోరైడ్ ఎక్కువుందని ఇంట్లో మామూలు ఉప్పు పూర్తిగా మానేసి, ఎవరో చెప్తే సోడియం తక్కువ ఉండే ఉప్పు తెచ్చి వాడుతున్నాం. పథ్యం కూడు తినలేక అమ్మ ఏడుస్తోంది. ఇంకా ఏం మానిపించాలి సార్?
— ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: ముందు ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి బాబూ. సోడియం తక్కువ ఉండే ఉప్పుల్లో సోడియం తగ్గించిన మేరకు కలిపేది పొటాషియం క్లోరైడ్. అంటే మీరు తగ్గిద్దామనుకున్న క్లోరైడ్ అందులో అలాగే ఉంది, పైగా దెబ్బతిన్న కిడ్నీ బయటికి పంపలేని పొటాషియం వచ్చి చేరింది. మామూలు మనుషులకి ఆ ఉప్పు మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో దాన్ని వాడమని సలహా కూడా ఇచ్చింది, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని అందులోనే చెప్పింది. అమ్మ టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకుంటుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ, అవీ పొటాషియాన్ని పెంచుతాయి. ఈ వారంలోనే పొటాషియం పరీక్ష చేయించండి, మీ ఉత్తరంలో ఆ అంకె లేదు.

అసలు విషయానికొస్తే, అమ్మకి క్లోరైడ్ 111 ఉండటం ఉప్పు తిన్నందుకు కాదు. మనం తిన్న తిండి నుంచి, ముఖ్యంగా మాంసకృత్తుల నుంచి, ఒంట్లో రోజూ కొంత ఆమ్లం తయారవుతుంది. దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. వాటి శక్తి తగ్గాక ఆమ్లం మిగిలిపోతుంది, దాన్ని విరిచే పనిలో బైకార్బనేట్ ఖర్చైపోతుంది, 17కి పడటం అంటే అదే. రక్తంలో ధన, ఋణ విద్యుదావేశాలు ఎప్పుడూ సమానంగా ఉండాలి. బైకార్బనేట్, క్లోరైడ్ రెండూ ఋణమే, ఒకటి తగ్గితే ఆ ఖాళీలోకి రెండోది వస్తుంది. మీరే లెక్క వేసి చూడండి, 139 లోంచి 111 నీ 17 నీ తీసేస్తే 11 మిగులుతుంది. దీన్ని యానయాన్ గ్యాప్ అంటాం, 8 నుంచి 12 మధ్య ఉంటే మామూలు. అంటే అమ్మ ఒంట్లో బైకార్బనేట్ పోయిన చోటునంతా క్లోరైడే నింపింది. కిడ్నీ జబ్బు మధ్య దశలో ఇలా కనిపించడం మామూలు, బాగా ముదిరాక ఆ గ్యాప్ పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు వేరే ఆమ్లాలు కూడా పేరుకుంటాయి.

కాబట్టి చూడాల్సింది 111 ని కాదు, 17 ని. బైకార్బనేట్ నెలల తరబడి అలా తక్కువగా ఉంటే ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది, కండ తగ్గుతుంది, కిడ్నీ ఇంకొంచెం తొందరగా పాడవుతుంది. అందుకే కిడ్నీ డాక్టర్లు సోడియం బైకార్బనేట్ మాత్రలు రాస్తారు. 18 కంటే కిందికి పోతే సాధారణంగా మందు మొదలుపెట్టాలనే చూస్తారు. బైకార్బనేట్ పెరిగితే క్లోరైడ్ దానంతటదే దిగుతుంది. ఆ మాత్రల్లో సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, కాళ్ళ వాపు గమనించాలి, అంతే తప్ప వంటింట్లో తినే సోడా చెంచాలతో కొలిచి తాగించొద్దు.

ఇంకో రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. అమ్మకి విరేచనాలేమైనా అవుతున్నాయా? విరేచనాల్లో బైకార్బనేట్ పోతుంది, అప్పుడూ రిపోర్టు ఇలాగే వస్తుంది. రెండోది, చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్న కొందరిలో క్రియాటినిన్ మరీ ఎక్కువ లేకపోయినా పొటాషియం పెరిగి, క్లోరైడ్ పెరిగి, బైకార్బనేట్ పడిపోయే పరిస్థితి ఒకటుంది. కిడ్నీ డాక్టర్ మందుల చీటీ చూస్తే దాన్ని పట్టుకుంటారు, కాబట్టి వెళ్ళేటప్పుడు అమ్మ వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫినాక్ లాంటివి వేసుకుంటుంటే ఆపించమని నేనిప్పుడే చెబుతున్నాను.

ఉప్పు సంగతి. పూర్తిగా మానేయమని ఎవరూ అనలేదు. రోజుకి 5 గ్రాములకి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ అదే మాట ఉంది. 5 గ్రాములంటే ఇంట్లో అందరికీ కలిపి కాదు, ఒక మనిషికి ఒక టీ స్పూనుకి కొంచెం తక్కువ. అందులో ఆవకాయ, అప్పడం, ఊర మిరపకాయలు, కారప్పొడి, బేకరీ బిస్కెట్లు, సాయంత్రం మిక్చరు అన్నీ కలిసి ఉండాలి, చిక్కంతా అక్కడే ఉంది. కూరలో ఉప్పు సరిపడా కొంచెం వేసి, పచ్చడి, అప్పడం ఆపండి. నిమ్మరసం, కొత్తిమీర, వెల్లుల్లి, ధనియాల పొడి వేస్తే తక్కువ ఉప్పు కూర కూడా నోటికి బాగుంటుంది (పొటాషియం ఎక్కువ వస్తే కూరగాయ ముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండండి). సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు గురించి కూడా అడుగుతారు, అవీ సోడియం క్లోరైడే. అమ్మని ఏడిపించి చప్పిడి కూడు పెట్టడం వల్ల లాభం లేదు, తిండి మానేసి కండ తగ్గితే అదే పెద్ద నష్టం.

ప్రశ్న: నల్లా నీళ్ళలో క్లోరిన్ వేస్తారు కదా, వాసన కూడా వస్తుంది. దానివల్ల రక్తంలో క్లోరైడ్ పెరుగుతుందా? ఫిల్టర్ మార్చాలా?
— ఒక గృహిణి, అంబర్‌పేట

జవాబు: పెరగదమ్మా. క్లోరిన్ క్రిముల్ని చంపే వాయువు, క్లోరైడ్ ఉప్పు రూపంలో ఉండేది, రెండూ ఒక మూలకం నుంచి వచ్చినవే కానీ గుణం వేరు. నీళ్ళలో వేసే క్లోరిన్ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అది క్లోరైడ్‌గా మారినా లెక్కలోకి రాదు. వాసన ఇబ్బందిగా ఉంటే బిందెలో పట్టి కాసేపు మూత తీసి ఉంచండి.

బోరు నీళ్ళ సంగతి కొంచెం వేరు. తాగే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి, వేరే నీటి దారి లేకపోతే 1000 దాకా ఒప్పుకుంటాయి. 250 ఉన్న నీళ్ళు రోజుకి రెండు లీటర్లు తాగితే అర గ్రాము క్లోరైడ్ లోపలికి వెళ్తుంది, 5 గ్రాముల ఉప్పుతో వెళ్ళేది 3 గ్రాములు. కిడ్నీలు బాగున్న మనిషి ఆ అర గ్రాముని మూత్రంలో పంపేస్తాడు. నీళ్ళు ఉప్పగా తగులుతుంటే మాత్రం పరీక్ష చేయించండి, అంత క్లోరైడ్ ఉన్న బోరులో వేరేవి కూడా ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: నాకు 32. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో క్లోరైడ్ 108 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది, పక్కన 'హై' అని ఉంది. సోడియం 141, బైకార్బనేట్ 24, క్రియాటినిన్ 0.9. నెట్‌లో చూస్తే కిడ్నీ ఫెయిల్యూర్ అని ఉంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు.
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఈ రాత్రి హాయిగా పడుకోండి. మీ ల్యాబు పై హద్దు 107 పెట్టుకుంది, మీకు 108 వచ్చింది, కంప్యూటర్ ఎర్ర రంగు వేసింది. ల్యాబు హద్దులు ఎలా పెడతారంటే, ఆరోగ్యంగా ఉన్న వాళ్ళలో 95 శాతం మంది అంకెలు ఇమిడే గీతలు గీస్తారు. అంటే ఏ రోగం లేని వందమందిలో ఐదుగురు ఆ గీత బయటే ఉంటారు. ప్యాకేజీలో అరవై డెబ్భై పరీక్షలు ఉంటే మూడో నాలుగో ఎర్రగా రావడం సహజం.

మీ బైకార్బనేట్ 24, క్రియాటినిన్ 0.9, రెండూ చక్కగా ఉన్నాయి. చెకప్ కోసం రాత్రి నుంచి నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళుంటారు, చాలామంది అలాగే చేస్తారు, ఒళ్ళు కొంచెం ఎండితే క్లోరైడ్ ఒకటి రెండు పెరుగుతుంది. రెండు మూడు నెలల తర్వాత, మామూలుగా నీళ్ళు తాగి, అదే ల్యాబులో ఎలక్ట్రోలైట్స్, దాంతో పాటు ఒక మూత్ర పరీక్ష చేయించండి. నిజం చెప్పాలంటే మీ వయసులో కిడ్నీ గురించి క్లోరైడ్ కంటే ముందే చెప్పేవి బీపీ, మూత్రంలో ప్రోటీను. ఆ రెండూ మీ ప్యాకేజీలో ఉన్నాయో లేదో చూడండి, ఖరీదైన ప్యాకేజీల్లోనూ మూత్రంలో ప్రోటీను పరీక్ష లేకపోవడం నేను చూశాను, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

జిమ్‌కి వెళ్ళి ప్రోటీను పౌడర్ తాగుతుంటే, మైగ్రేన్‌కి గానీ ఫిట్స్‌కి గానీ టోపిరమేట్ వాడుతుంటే, అది మాత్రం డాక్టర్‌కి చెప్పండి. టోపిరమేట్ బైకార్బనేట్‌ని తగ్గించి క్లోరైడ్‌ని పెంచుతుంది.

ప్రశ్న: మా అత్తగారికి 70, బీపీ ఉంది. ఎండాకాలం వస్తే నీరసమని గల్లీ చివర క్లినిక్‌కి వెళ్ళి నెలకి రెండుసార్లు సెలైన్ ఎక్కించుకుంటారు, ఎక్కించాక ప్రాణం లేచొచ్చినట్టుందంటారు. పోయినసారి వాంతులు, విరేచనాలు అయితే కూడా అదే. సెలైన్‌తో క్లోరైడ్ పెరిగి కిడ్నీ పాడవుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? ఆమెకి నేను చెబితే కోపం, మీరు రాస్తే చదువుతారు.
— ఒక కోడలు, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, పెద్దావిడ కోసమే రాస్తున్నాను, గట్టిగా చదివి వినిపించండి.

నార్మల్ సెలైన్ అని పేరే గానీ అది మన రక్తం లాంటిది కాదు. లీటరులో సోడియం 154, క్లోరైడ్ 154 ఉంటాయి. మన రక్తంలో సోడియం 140 దాకా ఉంటుంది కాబట్టి తేడా కొంచెమే, క్లోరైడ్ మాత్రం వంద చుట్టూ ఉంటుంది, అంటే సీసాలో ఒకటిన్నర రెట్లు. లీటర్లకి లీటర్లు ఎక్కిస్తే క్లోరైడ్ పెరిగి రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది. పైన ట్యాంకు సెన్సార్ అన్నాను చూడండి, క్లోరైడ్ ఎక్కువైతే అది కిడ్నీ వడపోతకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని బిగిస్తుంది, వడపోత తగ్గుతుంది. 2018లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆస్పత్రిలో ఐసీయూల్లోని 15 వేలకి పైగా పేషంట్ల మీద పోల్చి చూశారు. మరణం, డయాలిసిస్, కిడ్నీ కోలుకోకపోవడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగిన వాళ్ళు సెలైన్ ఇచ్చిన వైపు 15.4 శాతం, రింగర్ లాక్టేట్ లాంటి, క్లోరైడ్ తక్కువుండే సీసాలు ఇచ్చిన వైపు 14.3 శాతం. తేడా చిన్నది. ఆ తర్వాత 2021, 2022లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో మరణాల్లో తేడా తేలలేదు. కాబట్టి ఒక సీసా సెలైన్‌తో కిడ్నీ పాడవుతుందని భయపెట్టడం తప్పు.

నా అభ్యంతరం వేరే. అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంది, బీపీ ఉన్న మనిషికి దాదాపు ఒక రోజు కోటా, నాలుగైదు గంటల్లో నరంలోకి నేరుగా పోయింది. మా పెదనాన్నకి గుండె బలహీనంగా ఉందని తెలియక, నీరసంగా ఉన్నారని ఒక నర్సింగ్ హోంలో వరసగా మూడు సీసాలు ఎక్కించారు. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసంతో వెంటిలేటర్ దాకా వెళ్ళారు. నేనప్పుడు మెడిసిన్ చదువుతున్నాను, పక్కనే ఉన్నాను, అడగాలని తోచలేదు. ఆ రాత్రిని నేను మర్చిపోలేదు. నీరసానికి సెలైన్ మందు కాదు. నీరసమంటే రక్తహీనత ఉందా, థైరాయిడ్ ఉందా, షుగర్ ఉందా, గుండె ఎలా ఉంది, బీపీకి నీరు తీసే మాత్ర వాడుతున్నారా అని చూడాలి. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మాత్రల వల్ల పెద్దవయసులో సోడియం, క్లోరైడ్ రెండూ తగ్గి నీరసం, తూలు రావడం నేను వారానికి ఒకసారైనా చూస్తాను. అత్తగారి మాత్రల పేర్లు ఒకసారి చదవండి. ఆ పేర్లుంటే సీసా కాదు, పరీక్ష కావాలి.

వాంతులు, విరేచనాలు అయినప్పుడు మాత్రం ద్రవాలు కావాలి, అందులో సందేహం లేదు. వాంతుల్లో పోయేది కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే క్లోరైడ్ పోతుంది. వాంతులు ఎక్కువై క్లోరైడ్ బాగా పడిపోయిన మనిషికి సెలైనే సరైన మందు. విరేచనాల్లో పోయేది బైకార్బనేట్, అక్కడ రింగర్ లాక్టేట్ నయం, అందులో క్లోరైడ్ దాదాపు 110 ఉంటుంది. ఏది ఎక్కించాలో డాక్టర్ నిర్ణయిస్తారు. నోటితో తాగగలిగితే ఏ సీసా అక్కర్లేదు, ఓఆర్ఎస్ చాలు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి మిల్లీమోల్స్ లెక్కన సోడియం 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, గ్లూకోజు 75 ఉంటాయి, పేగు నీళ్ళని లాక్కోవడానికి కుదిరేలా పెట్టిన పాళ్ళివి. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, సగం సగం కలిపితే పాళ్ళు తప్పుతాయి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక పాళ్ళు చదవండి. అత్తగారికి గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే ఓఆర్ఎస్ కూడా ఎంత తాగాలో అడిగే తాగాలి.

ప్రశ్న: క్లోరైడ్ పరీక్షకి పరగడుపున వెళ్ళాలా? ఎన్నాళ్ళకోసారి చేయించాలి?
— ఒక రిటైర్డ్ టీచర్, ఉప్పల్

జవాబు: పరగడుపు అక్కర్లేదు మాస్టారూ, ఎలక్ట్రోలైట్స్ అని అడిగితే సోడియం, పొటాషియంతో పాటు చేస్తారు. బైకార్బనేట్ కూడా రాయించుకోండి, చాలా ల్యాబుల్లో అది అడిగితేనే చేస్తారు, అది లేకుండా క్లోరైడ్‌ని అర్థం చేసుకోవడం కష్టం. ఏ జబ్బూ లేకపోతే ఏటా చేయించే పరీక్షలతో పాటు ఒకసారి చాలు. నీరు తీసే మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, డోసు మారినా ఒకటి రెండు వారాల్లో ఒకసారి చూడాలి. కిడ్నీ జబ్బు ఉంటే మీ డాక్టర్ చెప్పినట్టు మూడు నెలలకో ఆరు నెలలకో. పాత రిపోర్టులు పారేయకండి, తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి పట్టుకెళ్ళండి. ఈ రోజు 104 ఉందా 98 ఉందా అన్నదానికంటే, పోయిన ఏడాది నుంచి ఎటు జరుగుతోందన్నదే మాకు ఎక్కువ పనికొస్తుంది.